‘మీగడ గిన్నె’ చదివాక

నరిన్,
9 నవంబరు 1987

వదినా,

నువ్వూ అన్నయ్యా కులాసాయే కదా. ఇక్కడ కనుమ మీద అప్పుడే మంచు కూరుకుపోయింది. నువ్వు పంపిన పుస్తకాల మూట ఏ లారీ డ్రైవరు సీటు కింద ఎన్నాళ్ళు తిరిగిందో కానీ, ఒకటే డీజిలు కంపు. మూట మీద నా పేరు మళ్ళీ అన్నయ్య దస్తూరీలోనే ఉంది. కోడలు ఆడపడుచు పేరు నోటితో పలకకూడదు, సరే. రాయడానికి కూడా మొగుణ్ణి పిలవాలా? పోస్టాఫీసులో అమ్మాయి “మీ వదినగారికి చదువు రాదా పాపం” అని అడిగింది. ఫ్రూంజెలో ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దుతుందని చెబితే నేను కోతలు కోస్తున్నాననుకుంది.

ముందు ‘పదివేల గొర్రెపిల్లలు’ సంగతి. ఆ నవల కోసం ఇరవై కిలోల చిత్తుకాగితం అప్పగించి, బదులుగా పుస్తకం కొనుక్కునే చీటీ తెచ్చుకున్నానని రాశావు. నీకు పుణ్యముంటుంది, ఈసారి ఆ చిత్తుకాగితాలే పంపు. కాపరి భార్య నొప్పులు పడుతూ పార్టీ కార్యదర్శికి ఊలు లెక్కలు అప్పజెబుతుంది. ఆయన తలూపుతాడు. ఆమె సంతోషంగా కంటుంది. తింటున్న రొట్టె పక్కన పెట్టేశాను. ఆ రచయిత గొర్రె ఈనడమైనా చూసినట్టు లేదు, ఇంక ఆడదాని సంగతి చెప్పేదేముంది. లైబ్రరీలో దాన్ని ఎవరి చెయ్యీ అందని పై అరలో పెట్టేశాను. ఉద్యోగం పోయినా సరే, నా చేత్తో ఒకరికి ఇవ్వను.

ఇక ‘మీగడ గిన్నె’. మన మహా రచయితగారి చిన్ననాటి జ్ఞాపకాలు. మొదటి బిడ్డ కాబట్టి ఆయన్ని నాయనమ్మ తీసుకుని తన కొడుకుగా పెంచుకుంది. ఆయన నాయనమ్మని అమ్మ అన్నాడు, కన్నతల్లిని వదిన అన్నాడు. ఇందులో వింతేముంది, మన కొండల్లో సగం ఇళ్ళు ఇంతే. మన ఇల్లూ అంతే. నువ్వు కన్నావు, నాయనమ్మ తీసుకుంది. ఆవిడ నాకు అమ్మయింది, నాన్న అన్నయ్య అయ్యాడు, నువ్వు వదినవయ్యావు. ఎవరూ దాచలేదు, ఎవరూ దాన్ని గురించి మాట్లాడనూ లేదు.

కానీ ఆ పుస్తకంలో తల్లి ఉందే, అది మనిషేనా? పాలు ఆరకముందే బిడ్డను అప్పగించి, ఆ వారమే కొత్త శాలువా కప్పుకుని పెళ్ళికెళ్ళి పాట పాడుతుంది. ఆ పేజీ దగ్గర నాకు నిజంగానే డోకొచ్చింది. సగం వేవిళ్ళ వల్ల అనుకో. అవును, చెప్పడం మర్చిపోయాను, ఏప్రిల్ ఆఖర్లో నాకు పురుడు. అమ్మ ఉండుంటే ఈపాటికి ఊరంతా చాటేది. ఆవిడ పోయాక ఇది రెండో చలికాలం.

మార్చిలో ఆ పుస్తకం మీద పాఠకుల సభ పెట్టి నన్నే మాట్లాడమన్నారు. ఆ తల్లి గురించి నువ్వేమనుకుంటున్నావో రాయి. ఉత్తినే కాదు, నిజంగా అడుగుతున్నాను.

నీ ఆడపడుచు
సలీకా


ఫ్రూంజె,
2 డిసెంబరు 1987

గారాల పిల్లా,

కబురు చదివి అన్నయ్య బయటికి వెళ్ళి చాలాసేపు చలిలో నిలబడి వచ్చారు. ఆయన సంతోషం అంతే, నీకు తెలుసు. ఒంటె ఊలు మేజోళ్ళు పంపుతున్నాను. రాతినేల మీద వట్టికాళ్ళతో తిరగకు. పుల్లటి ఎండు పెరుగుండలు తెగ తినబుద్ధవుతుంది, తినుగానీ మరీ ఉప్పువి వద్దు.

‘మీగడ గిన్నె’ గురించి అడిగావు. దానికి ప్రూఫులు దిద్దింది ఎవరనుకున్నావు? నేనే. మా గదిలో పద్ధతి ఏమిటంటే, ఒకరు రాతప్రతి పైకి చదవాలి, రెండోవారు అచ్చుకాగితంతో సరిచూసుకోవాలి. కామాలూ ఫుల్‌స్టాపులూ కూడా పైకి చదవాలి. “మా తల్లి కామా రాతిగుండె మనిషి ఫుల్‌స్టాపు” అని ఆ మహానుభావుడి కన్నీళ్ళన్నీ నా నోటితో నేను చదివాను. మూడు విడతలు. నీకొక్కసారి డోకొస్తేనే ఇంత రాశావు.

ఆ మనిషికి అరవయ్యేళ్ళు దాటినా మూతికి మీగడ అంటుకునే ఉంది. నాయనమ్మ ఒళ్ళో కూర్చుని, ఇంట్లో మిగిలిన పిల్లలకి దొరకని మీగడంతా తిని, ఇప్పుడు ‘నన్ను పారేశారు’ అని మూడువందల పేజీలు ఏడుస్తాడు. ఆ పుస్తకమంతా వెతుకు. ఆ తల్లి నోరు తెరిచి ఒక్క మాట మాట్లాడుతుందేమో చూడు. పాట పాడిందట. పెళ్ళిలో కోడల్ని పాడమంటే పాడదా? మూతి ముడుచుకు కూర్చుంటే అత్తవారి పరువేం కావాలి? ఆయన్నడిగితే అదీ ఆవిడ తప్పే అంటాడు. నాకు రోత పుట్టించింది ఆ తల్లి కాదు, ఆయన.

నాయనమ్మల పెంపకంలో పిల్లలకి అన్యాయం జరిగిపోయిందని ఇప్పుడు రాయడం ఒక ఫ్యాషనైంది. ఏం అన్యాయం జరిగింది? నిన్ను చూస్తే చాలదా? అత్తగారు నిన్ను పెంచినట్టు పెంచడం నా వల్ల అయ్యేది కాదు.

దీంతో ‘కోడలి గొంతు’ పంపుతున్నాను, ఇంకా కుట్టు కూడా వెయ్యని ప్రతి. అందులో కోడలు మొదటి బిడ్డను ఇవ్వనని విందుకొచ్చిన చుట్టాలందరి ముందూ అత్తగారి మీద కేకలేస్తుంది. అందరూ చప్పట్లు కొడతారు. ఏ ఇంట్లో జరిగింది ఇది? ఏ కోడలు అలా అరిచింది? చదువుతుంటే కంపరమెత్తింది. పట్నంలో పుట్టి, కొండని రైలు కిటికీలోంచి చూసినవాళ్ళు రాసే అబద్ధాలివి. చదివి నవ్వుకో.

మీ అత్తగారికి నా నమస్కారాలు.

నీ వదిన
జూరాకన్


నరిన్,
5 జనవరి 1988

వదినగారికి,

మేజోళ్ళు అందాయి, సరిపోయాయి.

‘కోడలి గొంతు’ చదివాను. నవ్వు రాలేదు. వాక్యాలు చెత్తగా ఉన్నాయి, ఒప్పుకుంటాను. చివర్న ఇంజనీరు గుర్రమెక్కి రావడం శుద్ధ చీదర. కానీ ఆ కోడలు నాకు నచ్చింది. ఆమె నోరు తెరిచింది. తెరవని వాళ్ళకి ఆమెను చూస్తే కంపరంగానే ఉంటుంది మరి.

‘మీగడ గిన్నె’ గురించి మీ అభిప్రాయం కూడా తెలిసింది. నాయనమ్మలు పెంచితే ఎవరికీ ఏ నష్టమూ లేదని రాశారు. మంచిది. అది తెలుసుకోవాలనే నేను అడిగింది.

ఎందుకంటే ఇక్కడ కొన్ని ఏర్పాట్లు జరుగుతున్నాయి. మా అత్తగారు కొట్టుగదిలోంచి పాత ఉయ్యాల దింపించారు, మా ఆయన ఎసెన్ చిన్నప్పుడు పడుకున్నది. కడిగి, తోళ్ళు మార్చి, తన మంచం పక్కన పెట్టుకున్నారు. బిడ్డకి నలభయ్యో రోజు స్నానం అయ్యాక తనే తీసుకుని పెంచుకుంటారట. నన్ను అడగలేదు, వంటింట్లో పిండి పిసుకుతూ చెప్పారు. మొదటి బిడ్డకి ఉయ్యాల కోడలి తల్లి కదా తేవాలి, అది కోడలి గదిలో కదా ఉండాలి అన్నాను. మహా అయితే అంతే అనగలిగాను. ఆవిడ చాలా ప్రేమగా, “నీకు తెచ్చే తల్లి లేదు కదమ్మా, పోనీలే, మాది ఉందిగా” అన్నారు. అవునన్నాను.

ఎసెన్‌ని అడిగితే, “అమ్మ నన్ను బాగానే పెంచిందిగా” అని రేడియో బాగుచేసుకుంటూ కూర్చున్నాడు.

మీరు పుస్తకాలు పంపే శ్రమ తీసుకోనక్కరలేదు. లైబ్రరీకి వచ్చే చెత్త మాకు చాలు.

సలీకా


ఫ్రూంజె,
28 జనవరి 1988

గారాల పిల్లా,

నన్ను ‘మీరు’ అన్నావు. కలం జారిందేమో అనుకుని మళ్ళీ మొదటి నుంచీ చదివాను. జారలేదు.

నీకు తల్లి లేదని మీ అత్తగారు అనడం, నువ్వు అవుననడం కూడా మళ్ళీ చదివాను. అచ్చుతప్పు ఎక్కడా కనిపించలేదు. మా అత్తగారు పోయారు, నిజమే. ఆవిడ ఉంటే తప్పకుండా ఉయ్యాల తెచ్చేవారు. మీ అత్తగారు మంచి మనిషి. పాత ఉయ్యాలే మేలు, కొత్తవి కిర్రుమంటాయి. రాత్రుళ్ళు నీకు నిద్రైనా దొరుకుతుంది.

ఇక్కడ ఒక పాత సైన్యాధికారి జ్ఞాపకాలు దిద్దుతున్నాను. యుద్ధంలో ప్రతి నదినీ ఆయనొక్కడే దాటాడు. భార్య ఒకే ఒక్కచోట వస్తుంది, ఆయన బూట్లు తుడుస్తూ. మగవాళ్ళు జ్ఞాపకాలు రాయడం చట్టం పెట్టి ఆపాలి. మా గదిలో నాతో చదివే ఆవిడ ముక్కు మూసుకుని చదువుతోంది, గొంతు అలా వస్తే ఆయనకి సరిగ్గా సరిపోతుందట. ఇదివరకైతే ఇది నీకు వివరంగా రాసేదాన్ని.

నువ్వు పుస్తకం గురించి అడిగావు, నేను పుస్తకం గురించి చెప్పాను. ఇంకేదైనా అడిగావేమో నాకు తెలియదు. ఇక రాయను.

ఆరోగ్యం జాగ్రత్త.

జూరాకన్


నరిన్,
12 మే 1988

వదినా,

ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన ఆడపిల్ల పుట్టింది. టెలిగ్రాం అన్నయ్య పేరున ఇచ్చాను, చూసే ఉంటావు. నీ పేరున ఎందుకివ్వలేదో నాకూ తెలియదు. పిల్ల నల్లగా, కోపంగా ఉంది. కనుబొమలు ముడుచుకుని పాలు తాగుతుంది, ఎవరో అన్యాయం చేసినట్టు.

ఎసెన్ ఇప్పటికీ రేడియోతోనే ఉన్నాడు, కాకపోతే దాన్ని పిల్ల పక్కకి తెచ్చుకున్నాడు.

మార్చిలో ఆ పాఠకుల సభ జరిగిన సంగతి నీకు రాయలేదు. అలిగి ఉన్నాను కదా. ఇప్పుడు రాస్తాను.

క్లబ్బు హాలు నిండిపోయింది. జిల్లా నుంచి ఒక పెద్దమనిషి వచ్చి, ఈ గ్రంథం మన జాతి ఆత్మ అన్నాడు. చదవలేదని రెండో వాక్యానికే తెలిసిపోయింది, నాయనమ్మని అత్త అన్నాడు. తర్వాత నేను లేచాను, ఎనిమిదోనెల పొట్టతో. ఆ తల్లి గురించి నేను రాసి పెట్టుకున్నదంతా చేతిలోనే ఉంది. రాతిగుండె, కొత్త శాలువా, పాట, అన్నీ. అవేవీ చదవలేదు. ఈ పుస్తకంలో ఆ తల్లి ఎక్కడా ఒక్క మాటైనా మాట్లాడదు, అది నాకేమీ నచ్చలేదు అన్నాను. అది నీ మాట. చెప్పి కూర్చున్నాను. చప్పట్లు పడలేదు.

మా అత్తగారు మొదటి వరసలో కూర్చుని సభంతా కళ్ళు ఒత్తుకుంటూనే ఉన్నారు. ఇంటికొచ్చాక చెప్పులైనా విప్పకుండా, “చూశావా, నాయనమ్మ పెంచితే ఎంతవాడయ్యాడో! మన బిడ్డ కూడా అంతే, పుస్తకాలు రాస్తుంది” అన్నారు. ఆ పుస్తకంలో ఆవిడకి కనబడింది అదీ. నాకు ఆయన మీదా, ఆ పుస్తకం మీదా, దాన్ని నలుగురికీ పంచిన నా మీదా ఒకేసారి రోత పుట్టింది.

ఆవిడ చెడ్డమనిషి కాదు. చెడ్డదైతే ఎంత తేలికయ్యేది. పిల్లని చేతుల్లోకి తీసుకుంటే ఆవిడ ముఖం వెలిగిపోతుంది. నలభయ్యో రోజు చొక్కాకని ఇల్లిల్లూ తిరిగి గుడ్డముక్కలు అడిగి తెస్తున్నారు. చొక్కా పూర్తి కావస్తోంది.

నవంబరులో నేను పుస్తకం గురించి అడగలేదు, వదినా. అడగలేక పుస్తకాన్ని అడ్డం పెట్టుకున్నాను. ఇప్పుడు ఏ పుస్తకమూ లేకుండా అడుగుతున్నాను. జూన్ మొదట్లో స్నానం. పిల్లని ఇవ్వనా, వద్దా? ఇవ్వమంటే ఇస్తాను, నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది. కానీ చెప్పు.

నీ
సలీకా


ఫ్రూంజె,
20 మే 1988

సలీకా,

కవరు మీద దస్తూరీ నాదే, చూసుకో. నీ పేరు రాయడం ఇదే మొదటిసారి. నాలుగు కాగితాలు చించాను. నీ పేరు నేను పెట్టింది కాదు, అత్తగారు పెట్టారు. పెట్టిన రోజు నుంచీ నువ్వు ఆవిడ కూతురివి, నాకు ఆడపడుచువి, పేరు పలకకూడదు. అచ్చుకాగితాల్లో ఏ కథలోనైనా సలీకా అనే పిల్ల వస్తే ఆ పేరాని పక్కావిడ చేత చదివించేదాన్ని. ఆవిడకి కారణం తెలియదు.

ఇవ్వొద్దు.

ఇది ముందు రాసి, ఆ తర్వాత మిగతాది రాస్తున్నాను.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. నలభయ్యో రోజు స్నానం అయింది, చెంచాతో నలభైసార్లు నీళ్ళు పోశారు, చొక్కా తొడిగారు, అత్తగారు నిన్నెత్తుకుని తన గదిలోకి వెళ్ళారు. నన్ను అడగలేదు. అడిగితే ఇచ్చేదాన్నేమో, ఆ రోజుల్లో నేనూ అది మర్యాదే అనుకున్నాను. కానీ అడగలేదు. నువ్వు అవతలి గదిలో ఏడిచేదానివి. నాకిక్కడ చొక్కా తడిసిపోయేది. పశువుల కొట్టంలోకి వెళ్ళి పాలు గడ్డిలోకి పిండి వచ్చేదాన్ని. నీకు ఆవుపాలు పట్టేవారు. ఇంట్లో పెద్దవాళ్ళ ముందు నిన్ను ముద్దుపెట్టుకోకూడదు, వదినకి అంత ఆత్రం ఏమిటంటారు. మాటలొచ్చాక నువ్వు నన్ను చూసి వదినా అన్నావు. ఎంత ముద్దుగా అందో అని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ వారమే మా మరిది పెళ్ళి. కొత్త శాలువా కప్పారు. పాడమన్నారు. పాడాను, సలీకా. బాగానే పాడానట, పదిమందీ చెప్పుకున్నారు. నీకు డోకొచ్చిన పేజీ అది.

‘కోడలి గొంతు’ అబద్ధమని నీకెందుకు రాశానో ఇప్పుడు తెలిసిందా? చుట్టాలందరి ముందూ అరిచే కోడలు ఉంటుందంటే నేను నమ్మలేను. నమ్మితే నేనెందుకు అరవలేదని నన్ను నేను అడుక్కోవాలి. ఆ రచయితగారి మీద నాకున్న అసహ్యం కూడా అదే. ఆయన తల్లికి ఒక్క మాటైనా దొరుకుతుందేమోనని మూడు విడతల్లోనూ వెతికాను. కామాలు దొరికాయి.

అత్తగారి మీద ఒక్క మాట కూడా అనకు. ఆవిడ నిన్ను ప్రాణంగా పెంచింది, ఆవిడే నీకు అమ్మ. చివరి చలికాలంలో నీళ్ళు కూడా నీ చేత్తో పోస్తేనే తాగింది. అదీ నిజమే, ఇదీ నిజమే. రెండూ కలిపి ఎవరైనా ఒక పుస్తకం రాస్తే డబ్బు తీసుకోకుండా దిద్దిపెడతాను.

జనవరిలో నీ ఉత్తరం చదివి, తల్లి లేదంటే అవునందా అని ఉడుక్కుని, పాత ఉయ్యాలే మేలని రాసి పంపాను. రాసిన మర్నాడే మన వీధి చివర వడ్రంగి దగ్గర కొత్తది చెయ్యమని చెప్పాను. ఎందుకు చెప్పానో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. అన్నయ్య దానికి ఎర్రరంగు వేశారు, అడుగున వెయ్యడం మర్చిపోయారు. రంగు వాసన ఇంకా పోలేదు.

స్నానం రోజుకి ఉయ్యాలతో వస్తున్నాం. నేను వచ్చేలోపు నువ్వు ఎవరితోనూ పోట్లాడకు. కానీ నోరు ఎండిపోకుండా చూసుకో. నేను ఉయ్యాల తేగలను గానీ, బిడ్డ ఎక్కడ పడుకోవాలో నువ్వే చెప్పాలి.

జూరాకన్


నరిన్,
15 జూన్ 1988

వదినా,

క్షేమంగా చేరారని టెలిగ్రాం అందింది. ఇక్కడి సంగతులు రాస్తాను, ఆ రోజు నీకేమీ కనబడలేదని నాకు తెలుసు. నీ కళ్ళు నిండి ఉన్నాయి.

నువ్వు గడప దాటేసరికి మా అత్తగారు నలభయ్యో చెంచా పోసి, పిల్లకి ఆ గుడ్డముక్కల చొక్కా తొడుగుతున్నారు. చుట్టాలు టీ ముందు కూర్చుని ఉన్నారు. వెనక అన్నయ్య, బస్సు మీంచి దింపిన ఉయ్యాల నెత్తిన పెట్టుకుని, తలుపు దగ్గర వంగి నిలబడ్డాడు. అత్తగారు మర్యాదగానే అన్నారు: “శ్రమ పడ్డారు వదినగారూ. కానీ ఉయ్యాల తల్లి కదా తేవాలి.”

“తల్లే తెచ్చిందండీ” అన్నావు నువ్వు. గొంతు పెంచలేదు. తర్వాత నావైపు తిరిగి, “సలీకా, నీ గది ఎటు?” అన్నావు.

నా పేరు నీ నోట విని మా అన్నయ్య ఉయ్యాల తలుపుకి కొట్టేశాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎసెన్ మేనత్త చేతిలో టీ గిన్నె అలాగే ఆగిపోయింది. అప్పుడు నాకు నవల్లో కోడలు గుర్తొచ్చింది. దానికి ఎన్ని పేజీల ప్రసంగం రాశాడో ఆ దరిద్రుడు! నాకు వచ్చింది ఒక్క ముక్క. “పిల్ల నా దగ్గరే పడుకుంటుందత్తయ్యా” అన్నాను.

మీరు వెళ్ళాక అత్తగారు ఆరు రోజులు నాతో మాట్లాడలేదు. పాత ఉయ్యాల తనే కొట్టుగదిలోకి ఈడ్చుకెళ్ళారు, ఎసెన్ పట్టుకోబోతే చెయ్యి విదిలించారు. రాత్రి ఏడ్చినట్టున్నారు. నాకు జాలి వేసింది, కానీ పిల్లని ఇవ్వలేదు. నిన్న పిల్ల ఏడుస్తుంటే నా గది తలుపు తోసుకుని వచ్చి, “ఇదేం రంగు, కళ్ళు పోతాయి” అని మీ ఉయ్యాలని తిట్టుకుంటూ ఊపడం మొదలుపెట్టారు. ఊపనిచ్చాను. నువ్వు చెప్పినట్టు కొత్తది కిర్రుమంటోంది.

‘మీగడ గిన్నె’ రెండో భాగం వస్తోందని పత్రికలో ప్రకటన వేశారు. అది నీ గదికే వస్తే ఆ మహానుభావుడి కన్నీళ్ళు ఈసారి పక్కావిడ చేత చదివించు. లైబ్రరీకి వచ్చిన ప్రతులు పై అరకే వెళతాయి, గొర్రెపిల్లల పక్కన చోటుంది.

ఇంకొక్కటి. పిల్ల నిన్ను ఏమని పిలవాలో అని ఇక్కడ పెద్దవాళ్ళు వరస లెక్క తీశారు. నువ్వు నాకు వదినవి కాబట్టి దానికి అత్తవట. లెక్క సరిగ్గానే ఉంది.

బస్సు కదిలే ముందు నువ్వు కిటికీలోంచి చెయ్యి చాపినప్పుడు నేను పిలవాలని నోరు తెరిచాను. ఆ మాట వస్తుందనే అనుకున్నాను. వదినా అనే వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఆ ఒక్క మాటే అన్న నోరు, ఏం చెయ్యను. ఇక ముందు కూడా ఇలాగే పిలుస్తానేమో, ఏమీ అనుకోకు.

దీనికి ఇంకా మాటలు రాలేదు. దీనికి నిన్ను అమ్మమ్మా అనే నేర్పుతాను.

నీ
సలీకా